సున్నా పడిన రోజులు

మా ఆఫీసు నేపాల్ రాజధానిలో, గౌశాలా చౌక్ నుంచి ఎయిర్‌పోర్టు వైపు పోయే దారిలో, ఒక మందుల షాపు మీద. రెండు గదులు, ఒక బాల్కనీ. బోర్డు చిన్నది, అయినా వెతుక్కుంటూ జనం వస్తూనే ఉంటారు. గల్ఫ్‌కి పోయి ఫోన్ చేయడం మానేసిన మనిషి కోసం ఇంటివాళ్ళు మొదట ఏజెంటు చుట్టూ తిరుగుతారు, తర్వాత సర్కారు ఆఫీసుల చుట్టూ, ఆ తర్వాత జ్యోతిషుడి దగ్గరికి పోతారు. ఆఖరున మా మెట్లెక్కుతారు. వచ్చినవాళ్ళని కూర్చోబెట్టి, పేరూ పాస్‌పోర్టు నంబరూ రాసుకుని, మళ్ళీ వచ్చినప్పుడు జవాబు చెప్పడం నా పని. తొమ్మిదేళ్ళుగా చేస్తున్నాను.

ఈ ఆఫీసు పెట్టింది లోకేంద్ర దాయ్, మా అందరికీ పెద్దన్న లాంటివాడు. ఆయన పదకొండేళ్ళు ఎడారిలో పనిచేసి, తన గదిలో ఉన్న ముగ్గురి శవాల పెట్టెలు తానే మోసుకొచ్చిన మనిషి. వెతికే యంత్రాన్ని తయారుచేసింది ఉత్సవ్ తులాధర్. అసన్ బజారులో రాగి పాత్రలు అమ్మే కుటుంబంలో పుట్టి, కంప్యూటర్ చదివి, ఎక్కువ జీతం వచ్చే ఉద్యోగం ఒకటి కాదనుకుని మా దగ్గర చేరాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. నన్ను దీదీ అని పిలిచేవాడు.

అతను రాసిన ప్రోగ్రాం రోజూ పొద్దున్నే పధ్నాలుగు వెబ్‌సైట్లు తిరిగి వచ్చేది. అక్కడి జైళ్ళవి, కోర్టులవి, ఆసుపత్రులవి. ఎవరూ అడగడానికి రాని శవాల పేర్లు పెట్టే సైట్లు వాటిలో మూడు. తొమ్మిదయ్యేసరికి నా టేబుల్ మీదికి ఒక కాగితం వచ్చేది. ఏ సైట్లో ఎన్ని కొత్త పేర్లు, అందులో నేపాలీలు ఎందరు, మా దగ్గర రాయించుకున్న పేరేదైనా కలిసిందా అని. కలిసిన పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉండేది. పొద్దున్న ఆఫీసుకి రాగానే నేను చూసేది ఆ గుర్తునే. లేకపోతే హమ్మయ్య అనుకుని టీ పెట్టుకునేదాన్ని.

జునకలా బుఢా మొదటిసారి వచ్చింది భదౌ నెల మూడో వారంలో. రోల్పా కొండల్లో పుట్టింది. ఇప్పుడు కపన్‌లో తివాచీలు నేసే కార్ఖానాలో పని, అక్కడే ఒక గది. శనివారం కార్ఖానాకి సెలవు, అందుకే శనివారమే వచ్చేది. ఇలాంటివాళ్ళ కోసమే మేం శనివారం తెరిచి ఉంచేవాళ్ళం. చున్నీకి, జుట్టుకి ఉన్ని పోగులు అంటుకుని ఉండేవి. కుర్చీ అంచున కూర్చునేది, ఎవరైనా లేపేస్తారేమో అన్నట్టు.

"పోయిన నెల సావన్‌లో ఒకసారి ఫోన్ చేశాడు దీదీ," అంది. "యజమాని జీతం ఇవ్వడంలేదు, వదిలేసి పోతున్నా, వేరే చోట పని దొరికాక చేస్తానన్నాడు. అంతే."

యజమానిని వదిలి పారిపోయినవాణ్ణి అక్కడ ఖల్లివెల్లి అంటారు. కాగితాలుండవు, లెక్కలో ఉండడు. చచ్చినా కబురు చెప్పేవాడుండడు. అందుకే అలాంటివాళ్ళని వెతకాలంటే ఆ వెబ్‌సైట్లే దిక్కు.

భర్త పేరు మన్‌ప్రసాద్ బుఢా. రాసుకున్నాను.

"జైల్లో ఉంటే బాగుండు," అంది లేస్తూ. ఆ మాట అనే ఆడవాళ్ళని చాలామందిని చూశాను. అయినా ఆమె అన్నప్పుడు నవ్వొచ్చింది, ఎందుకంటే వెంటనే, "నాలుగు రోజులు తిండి పెడతారు కదా, వీడికి వంట రాదు," అని తనే నవ్వింది.

అలా మొదలై ప్రతి శనివారం వచ్చేది. నేను కాగితం చూసి, "లేదు బహినీ, పేరు లేదు," అనేదాన్ని. ఆమె ముఖం తేటపడేది. టీ తాగి, మగ్గం మీద పక్కన కూర్చునే ఆవిడ గురించి, ఇంటి యజమానురాలి నోటి దురుసు గురించి నాలుగు మాటలు చెప్పి పోయేది. దశైన్ పండగ వారం తప్ప ఆరు శనివారాలు వచ్చింది. ఆరుసార్లూ నేను లేదనే చెప్పాను.

ఆ రెండు నెలలూ కాగితం మీద, శవాల సైట్లు మూడింటిలో ఒకటైన, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పెద్ద ఆసుపత్రి పేరుకెదురుగా సున్నానే పడుతూ వచ్చింది. నాకు అనుమానం రాలేదు. ఒకరోజు బాల్కనీలో టీ తాగుతూ నేనే అన్నాను, "ఈసారి అక్కడ ఎవరూ పోవడంలేదు భాయ్, ఎండలు తగ్గినట్టున్నాయి," అని.

"నేనూ అదే అనుకున్నా దీదీ," అన్నాడు ఉత్సవ్.

కార్తిక్ తొమ్మిదో తారీఖు, ఆదివారం పొద్దున, మధేసీలు ఉండే మైదాన ప్రాంతం, ధనుషా జిల్లా నుంచి రామ్‌సేవక్ మండల్ అనే ఆయన వచ్చాడు. అంతకుముందు రెండుసార్లు వచ్చి తమ్ముడి కోసం అడిగి వెళ్ళాడు. ఈసారి కూర్చోమన్నా కూర్చోలేదు. ఫోన్ తీసి నా ముఖం ముందు పెట్టాడు.

"ఏం మేడమ్, మీ కంప్యూటర్‌కి మా మధేసీల పేర్లు నోరు తిరగవా? పోయిన వారం లేదన్నారు. అంతకుముందూ లేదన్నారు. ఇదేంటి మరి?"

గల్ఫ్‌లో ఉన్న అతని ఊరివాడొకడు ఆసుపత్రి వెబ్‌సైట్ తెరిచి, కనపడినదాన్ని ఫొటో తీసి పంపాడు. తమ్ముడి పేరు, పాస్‌పోర్టు నంబరు, శవం వచ్చిన తేదీ. అన్నీ స్పష్టంగా ఉన్నాయి. పద్దెనిమిది రోజుల కిందటి తేదీ.

నా టేబుల్ మీద కంప్యూటర్లో ఆ సైట్ తెరిచాను. తెల్లటి పేజీ వచ్చింది. గీతలు వచ్చాయి. ఒక చిన్న చక్రం తిరిగింది. రెండు మూడు క్షణాలు గడిచాక గీతల మధ్య పేర్లు ఒక్కొక్క వరసా పడటం మొదలైంది. ఒక పేజీ, కింద ఇంకో పేజీ, ఇంకోటి. పక్కనే ఆ రోజు కాగితం ఉంది. అదే ఆసుపత్రి, సున్నా.

"ఉత్సవ్!" అని అరిచాను. అలా ఎప్పుడూ అరవలేదు.

అతను వచ్చి తెర చూశాడు. కాగితం చూశాడు. తన టేబుల్ దగ్గరికి పోయి ప్రోగ్రాంని ఆ ఒక్క సైట్‌కీ పంపాడు. సున్నా. మళ్ళీ పంపాడు. సున్నా. ప్రోగ్రాం తెచ్చిన పేజీని ఉన్నదున్నట్టు తెర మీద పరిచాడు. పట్టిక శీర్షికలున్నాయి, గీతలున్నాయి, లోపల ఏమీ లేదు.

"సైట్ మార్చేశారు దీదీ," అన్నాడు. "ఇదివరకు అడగ్గానే పేర్లతో సహా పేజీ వచ్చేది. ఇప్పుడు ముందు ఖాళీ విస్తరి వస్తోంది. పేర్లు తెచ్చి వడ్డించే పని మన బ్రౌజర్ చేస్తోంది. నా ప్రోగ్రాం బ్రౌజర్ కాదు కదా, వడ్డించేదాకా ఆగదు. విస్తరి చూసి లేచి వచ్చేస్తోంది."

"తప్పని చెప్పదా మరి?"

"పేజీ రాకపోతే చెప్తుంది. పేజీ వచ్చింది. పట్టిక ఉంది. వరసలు లేకపోతే సున్నా అని రాయమని నేనే రాశా."

రామ్‌సేవక్ మండల్‌కి ఈ మాటలు ఎంత అర్థమయ్యాయో తెలియదు. తలుపు దగ్గర నిలబడి అన్నాడు, "చదువుకున్నోళ్ళు మీరు. మా ఊరి గొర్రెలు కాసేవాడికి ఫోన్లో కనపడింది మీకు కనపడలేదు."

ఉత్సవ్ మధ్యాహ్నం దాకా కుర్చీలోంచి లేవలేదు. పేజీ తెరుచుకునేటప్పుడు బ్రౌజర్ వెనకాల ఎక్కడెక్కడికి పోయి ఏమేం అడుగుతోందో ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. పేర్లు వచ్చే చోటు వేరే చిరునామా. అది దొరికింది. ఆ చిరునామానే తేదీలు పెట్టి నేరుగా అడిగాడు. సైట్ మారింది భదౌ పధ్నాలుగున. అప్పటినుంచి యాభై ఏడు రోజుల్లో మా ప్రోగ్రాం చూడని నేపాలీలు ఇరవై ఏడుగురు. వాళ్ళలో తొమ్మిదిమంది మా దగ్గర రాయించుకున్నవాళ్ళ మనుషులు. తొమ్మిది నక్షత్రాలు ఒకే కాగితం మీద నేను ఎప్పుడూ చూడలేదు.

అయిదో పేరు మన్‌ప్రసాద్ బుఢా. చనిపోయింది భదౌ పంతొమ్మిది. జాబితాలో పెట్టింది భదౌ ఇరవై రెండు. కారణం దగ్గర, గుండె ఆగిపోయింది అని ఉంది. అందరికీ అదే రాస్తారు.

ఆ ఆసుపత్రిలో నలభై అయిదు రోజులు ఉంచుతారు. ఎవరూ రాకపోతే అక్కడే పూడ్చేస్తారు. లోకేంద్ర దాయ్ వేళ్ళ మీద లెక్కపెట్టాడు. గడువు కార్తిక్ అయిదుతో అయిపోయింది. నాలుగు రోజులైంది.

"ఒక్కోసారి పది రోజులు ఆలస్యం చేస్తారు," అన్నాడు. "మనిషిని పంపిస్తా. గడువు దాటినవాళ్ళ ఇళ్ళకి తెలిసేదాకా ఏమీ చెప్పొద్దు."

మా దగ్గర రాయించుకోనివాళ్ళ ఇళ్ళు కూడా వెతికి, మిగతా ఇళ్ళకి ఫోన్లు మొదలుపెట్టాం. ఇరవై ఏడులో గడువు మిగిలి ఉన్నవి పదహారు. మండల్ తమ్ముడిది అందులో ఉంది. ఆ రోజుల్లో నేనూ ఉత్సవ్ మాట్లాడుకున్నది తక్కువ. ఒకసారి మాత్రం మెట్ల మీద ఆగి అన్నాడు, "దీదీ, మీకో మాట చెప్పాలి. నేను చూశా. భదౌ చివర్లోనే. పది రోజులుగా సున్నా ఏంటని అనిపించింది. ఒకసారి సైట్ తెరిచి చూడాలి అని కాగితం మీద రాసుకున్నా. పండగ సెలవులొచ్చాయి."

"ఆ కాగితం ఏది?"

"ఉంది. కంప్యూటర్‌కే అంటించి ఉంది. రోజూ చూస్తూనే ఉన్నా."

అతన్ని తిట్టాలనిపించింది. తిట్టలేకపోయాను. ఎండలు తగ్గాయని ముందు అన్నది నేనే.

గురువారం అక్కడినుంచి ఫోన్ వచ్చింది. దాయ్ పంపిన మనిషి ఆసుపత్రిలో, శ్మశానంలో రెండు చోట్లా అడిగాడు. మన్‌ప్రసాద్‌ని కార్తిక్ అయిదునే పూడ్చేశారు. రాయి మీద పేరు లేదు, నంబరుంది. తవ్వి తీయడానికి వాళ్ళ చట్టం ఒప్పుకోదు.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చున్నాం.

"నిన్ననే పేరు పడిందని చెప్పండి," అన్నాడు లోకేంద్ర దాయ్. "పోయినవాడు ఎలాగూ పోయాడు. మన వల్ల శవం కూడా దక్కలేదని తెలిస్తే ఆ పిల్ల తట్టుకుంటుందా?"

"తేదీ ఆ పేజీలోనే ఉంది దాయ్," అన్నాడు ఉత్సవ్.

"ఆమె పేజీ చూస్తుందా?"

"మండల్ చూళ్ళేదా?"

"అంటే దొరికిపోతామని భయమా నీకు?"

ఉత్సవ్ ముఖం ఎర్రబడింది. "నాకు భయం లేదు. మీకుంది. ఆఫీసు మూతపడుతుందని."

"మూతపడితే రేపటినుంచి వీళ్ళకి ఎవరున్నార్రా?" అని దాయ్ టేబుల్ మీద గట్టిగా చరిచాడు. ఆ మాటలో అబద్ధం లేదు.

చివరికి నేనన్నాను. "లేదు లేదని చెప్పిన నోరు నాది. నేనే చెప్తాను, జరిగింది జరిగినట్టు."

శనివారం పదిన్నరకి జునకలా వచ్చింది. దీపాల పండగ తిహార్ దగ్గరపడుతోంది, న్యూస్ పేపర్లో బియ్యప్పిండి సేల్ రోటీలు చుట్టుకుని తెచ్చింది. "ఇంకా వేడిగానే ఉన్నాయి, తినండి దీదీ. ఇంటామెకి తెలీకుండా ఆమె పొయ్యి మీదే వేశా," అని కిసుక్కున నవ్వి, నా ముఖం చూసి ఆగిపోయింది.

"దొరికాడా?"

"దొరికాడు బహినీ."

"జైల్లోనేనా?"

"ఆసుపత్రిలో."

"దెబ్బ తగిలిందా? మాట్లాడుతున్నాడా?"

తొమ్మిదేళ్ళుగా ఆ మాట ఎన్నో వందలసార్లు చెప్పాను. దానికి ఒక పద్ధతి ఉంది నా దగ్గర. ఆ రోజు అది పనికి రాలేదు. "లేడు బహినీ," అని మాత్రం అన్నాను.

ఆమె ఏడవలేదు. ఎప్పుడని అడిగింది. చెప్పాను. వేళ్ళ కణుపుల మీద లెక్కపెట్టుకుంది. పెదవులు కదులుతున్నాయి. భదౌ అయిపోయింది, అసోజ్ అయిపోయింది. కార్తిక్‌లోకి వచ్చి ఆగింది.

"పంతొమ్మిదినా?" అంది. "ఇరవై ఎనిమిదిన నేనిక్కడే కూర్చుని ఉన్నా కదా. టీ తాగా."

"అవును."

"అప్పటికి పేరు వచ్చిందా?"

"ఆరు రోజుల ముందే వచ్చింది. మాకు కనపడలేదు. మేం సరిగ్గా చూడలేదు."

జరిగిందంతా చెప్పాను, ఏదీ దాచకుండా. పూడ్చిపెట్టిన సంగతి కూడా. ఆమె మెడలో పెళ్ళినాటి ఎర్ర పూసల దండని చేత్తో పట్టుకుని వింది. విన్నాక మొదట అన్న మాట నేను అనుకోనిది.

"దశైన్‌కి బావగారి చేత నుదుట టీకా పెట్టించుకున్నా దీదీ. ఎర్రది. మేక మాంసం తిన్నా. రెండోసారి అడిగి వడ్డించుకున్నా." చేతులు చూసుకుంది, వాటికి ఏదో అంటినట్టు. "మైల పట్టి పదమూడు రోజులు ఉప్పు మానాల్సినదాన్ని."

కాసేపటికి, "నాకు చూపించు," అంది.

నా ఫోన్లో తెరిచాను. తెల్లటి పేజీ, చక్రం, తర్వాత వరసలు. భర్త పేరు మీద వేలు పెట్టి చూపించాను. ఎనిమిదో తరగతి దాకా చదివింది, ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదువుకుంది.

"ఇది నా ఫోన్లో కూడా వస్తుందా?"

"వస్తుంది."

"ఎవరి ఫోన్లోనైనా?"

"ఎవరి ఫోన్లోనైనా వస్తుంది."

"మరి నాకెందుకు చెప్పలేదు ఇక్కడ చూసుకోమని? నేనే చూసుకునేదాన్ని కదా. రోజూ చూసేదాన్ని. మగ్గం మీద కూర్చుని పూటకి పదిసార్లు చూసేదాన్ని."

అప్పుడు ఉత్సవ్ పక్క గదిలోంచి వచ్చాడు. అంతవరకు తలుపు అవతల నిలబడి వింటున్నాడని నాకు తెలుసు. "తప్పు ఈవిడది కాదు, నాది," అన్నాడు.

జునకలా తలెత్తి చూసింది. ఆరు వారాలు వచ్చినా అతన్ని ఆమె చూసి ఉండలేదు. "నువ్వెవరు?"

"వెతికే ప్రోగ్రాం రాసింది నేను."

"నీ మిషన్‌కి ఏం కనపడింది?"

"ఖాళీ గీతలు."

"ఖాళీ గీతలు చూసి మా ఆయన లేడని రాశావా?"

ఉత్సవ్ తల దించుకోలేదు. అవునన్నాడు. ఆమె కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనిపించింది. ఆమె లేచి చున్నీ సర్దుకుంది. టేబుల్ మీద పెట్టిన సేల్ రోటీల పొట్లం తీసుకుని, మళ్ళీ గట్టిగా చుట్టి, సంచిలో పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

శవం దొరకనివాళ్ళకి కుశగడ్డితో బొమ్మ కట్టి దహనం చేస్తారు. జునకలా మరిది రోల్పా నుంచి వచ్చి చేశాడని, మాకు పిలుపు రాలేదని లోకేంద్ర దాయ్ చెప్పాడు. అయినా దాయ్ వెళ్ళాడు, సమాధి రాయి ఫొటో ఒకటి ఇచ్చి రావడానికి. ఆమె ఆ ఫొటోని అటూ ఇటూ తిప్పి, తల ఎటువైపు పెట్టారని అడిగిందట. దాయ్‌కి తెలియలేదు. ఉత్సవ్ కూడా వెళ్ళాడని నాకు తర్వాత తెలిసింది. బాగ్మతి నదికి అవతలి గట్టు మెట్ల మీద, చూడ్డానికి వచ్చిన జనంలో కలిసి కూర్చున్నాడట. గడ్డి తడిగా ఉండి త్వరగా అంటుకోలేదని చెప్పాడు.

పదహారుమందిలో పధ్నాలుగు పెట్టెలు వచ్చాయి. మండల్ తమ్ముడు వచ్చిన రోజు నేను ఎయిర్‌పోర్టు సరుకుల గేటు దగ్గరికి వెళ్ళాను. రామ్‌సేవక్ నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు. "ఆ రోజు నోరు జారా మేడమ్, మనసులో పెట్టుకోవద్దు. మీ వల్ల తమ్ముణ్ణి మా మట్టికి తెచ్చుకున్నా," అన్నాడు. అంత కష్టంగా ఎవరి దండమూ నేను తీసుకోలేదు.

ఉత్సవ్ ప్రోగ్రాంని తిరగరాశాడు. ఇప్పుడది నిజం బ్రౌజర్‌నే తెర లేకుండా నడిపి, వరసలు పడేదాకా ఆగుతుంది. పేర్లు వచ్చే అసలు చిరునామానీ అడుగుతుంది. రెండూ కలవకపోతే, లేదా మూడు రోజులు వరసగా ఏమీ రాకపోతే, కాగితం మీద సున్నా పడదు, చూడలేకపోయాను అని ఎర్ర అక్షరాల్లో పడుతుంది. ఇంత చేసినా అతనికి నమ్మకం లేదు. ప్రతి పొద్దునా పధ్నాలుగు సైట్లూ చేత్తో తెరిచి, ఒక్కొక్క పేరూ చదివేవాడు. "మిషన్ చేసి మళ్ళీ చేత్తో తోడతావేంట్రా?" అని దాయ్ హాస్యమాడబోయాడు ఒకసారి. అతను నవ్వలేదు. చలికాలమంతా చిక్కిపోయాడు. ఫాగున్ నెలలో ఉద్యోగం మానేశాడు. ఇప్పుడు ఏదో కంపెనీకి, అమ్మకాల సైట్ల నుంచి ధరలు పోగుచేసి పెడుతున్నాడు. "అక్కడ నేను పొరబడితే ఒక టీవీ ధర తప్పుతుంది, అంతే దీదీ," అన్నాడు వెళ్ళేటప్పుడు.

చైత్ నెలలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. జునకలా. వెనకాల మగ్గాల దువ్వెనలు కొడుతున్న చప్పుడు. బాగున్నావా అంటే బాగున్నా అంది. మా ఊరివాడొకడు నెలన్నరగా ఫోన్ చేయడంలేదు, వాళ్ళావిడ ఏడుస్తోంది అంది.

"పేరు చెప్పు, ఇప్పుడే చూస్తాను," అన్నాను పెన్ను తీస్తూ.

"మీరు చూడొద్దు. ఆ సైట్ల పేర్లన్నీ చెప్పండి. రాసుకుంటా."

ఒక్కొక్క అక్షరమూ చెప్పాను. ఆమె తిరిగి పలికి రాసుకుంది. రెండుచోట్ల తప్పు రాసి కొట్టేసింది, చుక్క ఎక్కడ పెట్టాలని అడిగింది. పధ్నాలుగు చిరునామాలకీ ముప్పావు గంట పట్టింది. ఆసుపత్రిది రాశాక ఫోన్ పెట్టొద్దు, ఉండండి అంది. అవతల మగ్గం ఆగింది. నేను రిసీవర్ చెవికి ఆనించుకుని కూర్చున్నాను.

"తెరుచుకుంది," అంది కాసేపటికి. "చక్రం తిరుగుతోంది. ఆగుతా." కొంచెం సేపు ఊపిరి మాత్రమే వినపడింది. "ఆఁ, పడుతున్నాయి పేర్లు. చాలా ఉన్నాయి దీదీ."

ఫోన్ పెట్టేసింది.